పక్క గది రత్నాలు

ఎస్టీడీ బూత్ నుంచి కేక వినపడగానే సత్యకుమారి చేతిలోని ముద్ద కంచంలోకి జారిపోయింది.

"టీచరమ్మా! పాడేరు నుంచి మీ అమ్మగారు!"

అరకుకు సెల్‌ఫోన్లు ఇంకా రాని రోజులవి. ఎంగిలి చేత్తోనే పరుగెత్తింది.

"ఇంతసేపేటి?" అంది ఈశ్వరమ్మ.

"అన్నం తింటన్నానమ్మా. తప్పయిపోయింది."

"తిను, తిను. ఇక్కడ నాకు గుండెల్లో నొప్పి. నాను సచ్చినాక ఇంకా బాగా తిందువు గాని."

ఫోన్ పెట్టేసింది.

పాడేరులో ఈశ్వరమ్మ మహిళా సంఘం నాయకురాలు. ఊరందరికీ దేవత. ఇంట్లో మాత్రం ఆవిడ నవ్వితేనే కూతురు నవ్వాలి. కూతురికి మంచి మార్కులొస్తే అది తన పెంపకం. తగ్గితే, తల్లి పరువు తియ్యడానికే పుట్టిన పిల్ల.

ఉద్యోగం వచ్చి ఊరు మారినా, ఎవరు పిలిచినా సత్యకుమారి నోట ముందుగా వచ్చే మాట ఒకటే. "తప్పయిపోయింది."

పక్క గదిలో ఉండే రత్నాలుకు ఆ మాట వింటే ఒళ్లు మండేది.

"ఏటి సేసీసినావని? ఊరికే అలాగనకు," అనేది.

నలభైకి దగ్గరపడిన మనిషి. తలనొప్పంటే శొంఠి కాఫీ తెచ్చేది. చలేస్తోందంటే తన కంబళి ఇచ్చేది.

సత్యకుమారికి ఆ ఆదరణ చూస్తే భయమేసేది. ఇంత ప్రేమ చూపిస్తోందంటే రేపు ఏదో అడుగుతుంది. ఆమె ఎరిగిన ప్రేమ అలాంటిదే మరి.

బూత్ నుంచి గదికొచ్చి సత్యకుమారి ఊరెళ్లడానికి బట్టలు సర్దుతుంటే రత్నాలు గుమ్మం పట్టుకుని నిలబడింది. జ్వరంతో వణికిపోతోంది.

"ఎల్లకమ్మా. మీ అమ్మకేటీ అవదు."

"మా అమ్మ గురించి నీకేటి తెలుసు?"

రత్నాలు ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"మా ఆయన కాపీ తోటకెళ్లినాడు. సీకటడితే గానీ రాడు. ఈ ఒక్క పూటా నా కాడుండవా? ఒళ్లు కాలిపోతంది."

సత్యకుమారి చేతులు ఆగాయి.

అమ్మకు నిజంగానే ఏమన్నా అయితే? కూతురే చంపేసిందని ఊరంతా అంటే?

"తప్పయిపోయింది, రత్నాలమ్మా!" అని బస్సుకు పరుగెత్తింది.

ఘాట్ రోడ్డు పొడుగునా దణ్ణాలు పెట్టుకుంటూనే ఉంది.

ఇంటికి వెళ్లేసరికి ఈశ్వరమ్మ అద్దం ముందు పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది.

"వొచ్చినావా? బేగి తెములు. ఆఫీసరు గారింట్లో పెళ్లి. టీచరు కూతుర్ని ఎంటబెట్టుకెల్తే ఆ గౌరవమే ఏరు."

"నొప్పన్నావు కదమ్మా?"

"అలాగనకపోతే వొస్తావేటి?"

పెళ్లిలో సత్యకుమారి అందరికీ నమస్కారాలు పెట్టింది. నవ్వమన్నప్పుడల్లా నవ్వింది. గుమ్మం పట్టుకుని వణుకుతున్న మనిషే కళ్లముందు మెదులుతూనే ఉంది.

మర్నాడు తల్లి లేవకముందే తొలి బస్సెక్కేసింది. అలా చెప్పకుండా రావడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

పక్క గది ముందు జనం మూగి ఉన్నారు. రత్నాలును వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు.

"మెదడుకెక్కే మలేరియా అట," అన్నాడు ఆమె మొగుడు సుక్రు. "నానొచ్చేతలికే తెలివి నేదు. కాస్త ముందు తెస్తే బతికేదన్నాడు డాక్టరు."

సత్యకుమారి అక్కడే కూలబడింది.

"ఉండమని అడిగింది. నేనే ఉండలేదు."

"నువ్వేడవకమ్మా. నువ్వు ఏడిస్తే అది ఓర్సుకోనేదు," అన్నాడు సుక్రు. "పాడేరుకి కబురెట్టినాను. దీన్ని కన్న తల్లొస్తే లేవదీసేస్తాం."

పాడేరులో రత్నాలుకు తల్లి ఉందా? ఆ సంగతి అడిగేలోపే జీపు వచ్చి ఆగింది.

అందులోంచి ఈశ్వరమ్మ దిగింది. వెనకాలే సంఘం ఆడవాళ్లు.

చెప్పకుండా వచ్చినందుకు తనను లాక్కుపోవడానికే వచ్చిందనుకుని సత్యకుమారి గోడవారకు నక్కింది.

ఈశ్వరమ్మ ఆ వైపే చూడలేదు. కొంగు సర్దుకుని, అందరూ తననే చూస్తున్నారని రూఢి చేసుకుని, రత్నాలు మీద పడి గొల్లుమంది.

"ఉయ్యాల్లో సెల్లినొగ్గేసి మనువాడి పోనావు గదే, నా పెద్దకూతురా! పెద్దదైన దాని ముకం ఒక్కసారైనా సూడకుండా ఎల్లిపోనావేటే!"