చపాతీ పిండిలో లెక్క

గోడలకు చెవులే కాదు, బుర్రలు కూడా వచ్చిన కాలమది. పోయిన శతాబ్దంలో పేరు మోసిన గణితవేత్త సోమయాజులుగారు పడుచుతనం నుంచీ ఒకే సిద్ధాంతాన్ని రుజువు చేయాలని తంటాలు పడుతున్నారు. ఇప్పుడు ఆయన కాగితం మీద ఒక వరుస రాస్తే చాలు, తర్వాతి వరుస గోడే చెప్పేస్తోంది. ఆ పొద్దున దాని కంటబడకుండా, వంటింట్లో చపాతీ పీట మీది పిండిలో వేలితో లెక్క మొదలుపెట్టారు.

"తర్వాతి మెట్టు చెప్పనా మాస్టారూ?" అంది వంటింటి గోడ, వినయంగా.

"నా తప్పులైనా నన్ను చేసుకోనియ్యవా?" అంటూ ఆయన పిండిని అరచేత్తో చెరిపేశారు.

భార్య శేషారత్నం అప్పడాల కర్ర పక్కన పెట్టి, "మరిప్పుడేం చేస్తారండీ?" అంది జాలిగా.

ఆయన నోరు తెరిచేలోగా, అచ్చం ఆయన గొంతుతోనే గోడ, "ఏముంది, నువ్వు చపాతీలు కానియ్యి" అంది.

సరిగ్గా ఆ మాటే అనబోయిన సోమయాజులుగారు నోరు మూసుకున్నారు.