మట్టయ్య చేసిన తప్పు

ఇరవై ఆరేళ్ల సర్వీసులో మట్టయ్య చేసిన తప్పు ఇదొక్కటే. చేసిన ఆ ఒక్కటీ చిన్నది కాదు. కోదాడ దారిలో అతను గుమాస్తాగా పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీకి కంప్యూటర్లో ఒక బులెటిన్ బోర్డు ఉంది. అందులో కార్మికులు ఏడాదిగా రాసుకున్న సందేశాలన్నీ చెరిపేశాడు. మేనేజర్ ప్రింటు అడిగాడట, తీసే తొందరలో చెయ్యి జారిందట.

సాయంత్రంలోగా అవి తిరిగి రాకపోతే ఉద్యోగం ఊడినట్టే. ఈ కబురు సూర్యాపేటలో కంప్యూటర్ పాఠాలు చెప్పే అతని కూతురు వందనకు మేనేజర్ జవహరే స్వయంగా ఫోన్ చేసి చెప్పాడు.

వందన పదింటికల్లా బస్సు దిగింది. ఆఫీసులో తండ్రిని చూడగానే ఒళ్లు మండింది. ఉద్యోగం పోతుంటే చేతులు కట్టుకుని మూలన కూర్చున్నాడు!

"నువ్వెందుకొచ్చినవ్ బిడ్డా? పోయినయ్ పోయినయే. ఇంటికి పో."

"అమ్మ మందులకెట్ల నాన్నా? జర పక్కకు జరుగు."

జవహర్ వాళ్ల పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. లేవలేదు.

చెరిపిన సందేశాలు నిజానికి ఎక్కడికీ పోలేదు. కంప్యూటర్లోనే ఒక మూల పడి ఉన్నాయి. ఒక్కో సందేశానికి ఐదు కీలు నొక్కి వెనక్కి రప్పించాలి. అలాంటివి రెండు వేల పైచిలుకు. చేత్తో చేస్తే వారం పడుతుంది. వందన ఆ ఐదు కీల వరుసను ఒక్కసారి నొక్కి మాక్రోగా రికార్డు చేసింది. ఇక కంప్యూటరే వాటిని మళ్లీ మళ్లీ నొక్కుకుంటూ పోయింది.

సందేశాలు ఒక్కొక్కటే బోర్డెక్కాయి. డ్యూటీ మార్చుకుందామన్నవి, పాత బండి అమ్ముతామన్నవి, క్యాంటీన్ పప్పులో నీళ్లే ఉన్నాయన్నవి, దుమ్ముకు చచ్చిపోతున్నాం మాస్కులియ్యరా అన్నవి. రాసినవాళ్ల పేర్లు ఆఫీసు కంప్యూటర్లో తప్ప బయట కనబడవు. అందుకే అందరూ మొహమాటం లేకుండా రాసుకున్నారు.

"తలకాయ నొస్తుంది బిడ్డా. పోదాం పా," అన్నాడు మట్టయ్య, మధ్యాహ్నం.

"చేసిన పనికి జర సిగ్గన్న పడు నాన్నా!"

జవహర్ ముందు అలా అన్నందుకు ఆమెకే బాధేసింది. అయినా పని ఆపలేదు.

మూడున్నరకు చివరి సందేశం కూడా వచ్చేసింది. జవహర్ అందరికీ చాయ్ తెప్పించాడు.

"కూతురంటే ఇలా ఉండాలి మట్టయ్యా! నీ ఉద్యోగం నిలబెట్టింది."

మట్టయ్య చాయ్ ముట్టలేదు. కూతుర్ని బస్సెక్కించి వెనుదిరిగాడు. ఇంత చేస్తే మెచ్చుకోలేదని వందన దారంతా కుమిలిపోయింది.

మాస్కులు అడిగిన పాపానికి ఉద్యోగాలు పోయిన ముప్పై ఎనిమిది మంది పేర్లు మర్నాడు గేటుకు అంటించాక గానీ, నాన్న ఆ సందేశాలను కావాలనే చెరిపేశాడని వందనకు అర్థం కాలేదు.