అమ్మగారు బాగానే ఉన్నారు

“అమ్మగారు పోయిన సంగతి మీ ఎమ్మెల్యే చెవిన పడకూడదు,” అన్నాడు పార్టీ విప్, హోటల్ మెట్ల మీదే పీయేని ఆపి. “అడిగితే బాగున్నారని చెప్పు. వివరంగా చెప్పు. పొడిపొడిగా చెబితే పట్టేస్తాడు.”

పీయే గోడకు చేరగిలబడ్డాడు. ఎమ్మెల్యే భార్య చేతి తిండి తిని మనిషైనవాడు. ఎల్లుండే శాసనసభలో బలపరీక్ష. ప్రభుత్వం ఒక్క ఓటు మీద వేలాడుతోంది. ఎవరు గోడ దూకుతారోనన్న భయంతో ఎమ్మెల్యేలందరినీ ఈ హోటల్లో పెట్టి ఫోన్లు లాక్కున్నారు. మందులూ బట్టలూ తెచ్చే పీయేలకే లోపలికి దారి. ఓటింగ్ అయ్యేదాకా తల్లిని ఆసుపత్రిలోనే ఉంచడానికి కూతురు ఒప్పుకుందట. తెలిస్తే తన ఎమ్మెల్యే కాళ్లకు చెప్పులైనా లేకుండా పరిగెడతాడని పీయే నమ్మకం. అందుకే నోరు కుట్టేసుకున్నాడు.

గదిలో ఎమ్మెల్యే కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు.

“ఎలా ఉందిరా?”

“లేచి కూర్చున్నారు సార్. కాఫీలో పంచదార తక్కువైందని నర్సుని దులిపేశారు.”

“నన్నేమైనా అందా?”

“ఐదుసార్లు గెలిచిన మనిషికి ఆసుపత్రికి తోడు రావడం చేతకాలేదన్నారు.”

ఎమ్మెల్యే కళ్లు మూసుకుని నవ్వాడు. ఇంకా చెప్పమన్నాడు. పీయే అల్లుకుంటూ పోయాడు. బతికుంటే ఆవిడ అనే మాటలే అవన్నీ. ఓట్లు ఆయనవి, పాట్లు ఆవిడవి. పిల్ల పుట్టినప్పుడు కూడా ఆయన సభలోనే ఉన్నాడు. ఎండలో గడపగడపా తిరిగి ఓట్లడిగింది మాత్రం ఆవిడే. అంతా చేసినా మంత్రి పదవి అందని ద్రాక్షగానే మిగిలింది. ఈసారి ఖాయమంటున్నారు.

మర్నాడూ అంతే. తక్కిన ఎమ్మెల్యేలు ఫోన్ల కోసం పోట్లాడుతుంటే ఆయన పీయే కోసం ఎదురుచూశాడు. వచ్చేవారం అమ్మగారిని ఇంటికి పంపేస్తారట అని పీయే అనగానే ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. సంతోషం దాచుకుంటున్నాడనుకుని పీయే తల వంచుకుని మందుల సంచీ సర్దసాగాడు.

సభలో ఆయన చెయ్యెత్తాడు. ప్రభుత్వం ఒక్క ఓటుతో గట్టెక్కింది. ముఖ్యమంత్రి కౌగిలించుకుని, ప్రమాణస్వీకారానికి సిద్ధంగా ఉండమన్నాడు. ఆ సందడిలోంచి ఆయన్ని లాక్కొచ్చి కారెక్కించాక పీయే ఇక ఆపుకోలేకపోయాడు.

“నన్ను క్షమించకండి సార్. అమ్మగారు మొన్ననే పోయారు. విప్ చెప్పమన్నట్టే చెప్పాను. కడసారి చూపైనా దక్కాలి, పదండి.”

ఎమ్మెల్యే అతని భుజం మీద చెయ్యి వేశాడు.

“నువ్వు చెబుతుంటే నిజంగానే ఉన్నట్టుండేదిరా,” అన్నాడు. “తను పోయిన కబురు విప్ ముందు నాకే చెప్పాడు.”

“విప్‌ని నీ దగ్గరికి పంపింది నేనే.”