ఎక్కువపడ్డ ఏడాది

"గుర్రబ్బండి బొమ్మ ఏదీ, మిస్?" అన్నాడు వెర్నీ.

ఇర్మా చేతిలోని కొత్త బొమ్మల అట్టలు తిరగేసింది. "దాన్ని తీసేసి కారు పెట్టారు. ఇందులో ఏం లేదో చెప్పు."

"చక్రం." సరిగ్గా చెప్పానా అన్నట్టు ఆమె మొహంలోకి చూశాడు. పిల్లల బల్ల కింద మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి కూర్చున్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ మేట్రన్ నవ్వింది. "వీడికి తెలివొచ్చేస్తే మా దుప్పట్లెవరు మడతపెడతారమ్మా? గుండీ పెట్టుకో, నాన్నా."

ఒహాయోలోని ఆ మందబుద్ధి పిల్లల ఆశ్రమానికి ఇర్మా వచ్చి వారమైంది. తెలివి పరీక్షని సవరించి కొత్తగా అచ్చేశారు. చేరేటప్పుడు పాత పరీక్షలో ఎవరికెంత వచ్చిందో, ఇప్పుడు కొత్తదానిలో ఎంత వస్తుందో పక్కపక్కన రాయడం ఆమె పని. డెబ్భై దాటినవాళ్ళని అక్కడ ఉంచకూడదు. వెర్నీకి అప్పుడొచ్చింది అరవై నాలుగు.

"పాసైతే తీసుకెళ్తానంది అమ్మ," అన్నాడు వెర్నీ లేస్తూ. "పెట్టె సర్దే ఉంచుకున్నా."

మేట్రన్ కిటికీ వైపు తిరిగింది. బయట మార్చి నెల మంచు కరిగి చూరు నుంచి కారుతోంది.

మధ్యాహ్నం వెర్నీ మార్కులు కూడి చూస్తే డెబ్భై ఎనిమిది. ఇర్మా మళ్ళీ కూడింది. కొత్త పరీక్షలో వారం నుంచీ అందరికీ తగ్గుతున్నాయే గాని పెరిగింది లేదు. అనుమానమొచ్చి వెర్నీ పాత కాగితం తీసింది.

జవాబులన్నీ సరిగానే దిద్దారు. ఆరేళ్ళ తెలివి ఉందని తేల్చారు. పాత పద్ధతిలో దాన్ని అసలు వయసుతో భాగించి నూరుతో హెచ్చించాలి; వయసు పెరిగితే మార్కు తగ్గుతుంది. ఆ వయసు లెక్క మూలన పెన్సిలుతో వేసి ఉంది. పుట్టింది అక్టోబరు, పరీక్ష మార్చి. మూడులోంచి పది పోదు కనక, ఓ ఏడాదిని పన్నెండు నెలలు చేసి కలుపుకున్నారు. ఆ ఏడాదిని ఏళ్ళలోంచి తీసేయడం మాత్రం మరిచిపోయారు. ఎనిమిదేళ్ళ అయిదు నెలల పిల్లాడికి తొమ్మిదేళ్ళ అయిదు నెలలని రాసి భాగించారు.

ఆమె సరిచేసి భాగించింది. డెబ్భై ఒకటి.

కాగితం చూపిస్తే మేట్రన్ పెన్సిలు లెక్క మీద వేలు పెట్టి చదువుకుంది. "ఎవరో సాయంత్రం పూట తొందరలో వేసుంటారు," అంది.

వెర్నీ అప్పటికే తలకి తడి రాసుకుని, పాపిడి తీసుకుని, పెట్టెతో వసారాలో నిలబడ్డాడు. "పాసయ్యానా, మిస్?"

"పాసయ్యావు. అప్పుడే పాసయ్యావు."

"అయితే అమ్మకి ఉత్తరం రాయండి."

ఇర్మా గదిలోకి వెళ్ళి పట్టిక తెరిచింది. 'అప్పుడు' అన్న గడిలో తప్పు వయసు కొట్టేసి ఎనిమిదేళ్ళ అయిదు నెలలని రాసింది. 'ఇప్పుడు' అన్న గడి కోసం ఏడాదిని మరిచిపోకుండా, వేళ్ళమీద లెక్కబెట్టి మరీ తీసివేత వేసింది. నెలలు మళ్ళీ అయిదే వచ్చాయి.

ఏళ్ళు యాభై ఒకటి.