పిల్లికి నచ్చిన మాత్రలు

"మళ్లీ వచ్చింది చూడు, దొంగమొహంది," అంది లెనోరా.

మాత్రల సీసా మూత తిప్పిన చప్పుడైతే చాలు, పెప్పర్ ఏ మూలనున్నా పరుగెత్తుకొచ్చి ఆమె ఒళ్లోకి ఎక్కేస్తుంది. ఆమె చేతిలోని గోధుమరంగు మాత్రను వాసన చూసి, మీసాలు ఆడిస్తూ కూర్చుంటుంది.

"ఈ పిల్లికి నా మందంటే ఇంత మోజేమిటి ఆర్విన్?"

"దానికి అన్నీ కావాలి. నిన్న నా బూటు తాడు కూడా నమిలింది," అన్నాడు ఆమె భర్త ఆర్విన్, పేపర్లోంచి తలెత్తకుండా.

లెనోరా నవ్వి, కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకుని మాత్ర మింగింది. ఆ కాసేపూ ఆర్విన్‌కి పేపర్లో చదివిన ముక్కే మళ్లీ చదవాల్సొచ్చేది. రోజూ అంతే.

ఎందుకంటే ఆ మాత్ర పంది థైరాయిడ్ గ్రంథిని ఎండబెట్టి పొడి చేసి తయారుచేసింది. వాళ్లది శనివారాన్ని సబ్బాతుగా పాటించి, పందిని అపవిత్రమనే క్రైస్తవ సంఘం. అమెరికాలోని ఆ నెబ్రాస్కాలో ఊరు ఊరంతా పందుల పెంపకం మీద బతుకుతున్నా, ఆ సంఘంలో పంది సంగతి దేవుడెరుగు, కోడి పులుసు కూడా ముట్టని కుటుంబాలే ఎక్కువ. అందులో ఆర్విన్ సంఘపెద్ద.

చాలా ఏళ్ల కిందట లెనోరాకి థైరాయిడ్ మందగించింది. మే నెల ఎండలో రెండు స్వెట్టర్లు తొడుక్కుని వణికేది. గొంతు బొంగురుపోయింది. పాట మధ్యలో చరణం మరిచిపోయి బిక్కమొహం వేసేది. డాక్టరు తెల్లమాత్రలిచ్చాడు. రక్తపరీక్షలో అంకెలు బాగుపడ్డాయి గానీ మనిషి బాగుపడలేదు. ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళితే, లెనోరా కుర్చీలో కునికిపాట్లు పడుతుండగా, ఆయన ఆర్విన్‌ని పక్కకి పిలిచాడు.

"పాత రకం మందొకటి ఉంది, కొందరికి అది పడుతుంది. కాకపోతే పందిది. మీవాళ్లకి అభ్యంతరం ఉంటుందేమో అడగండి."

ఆర్విన్ అడగలేదు. ఇంటికొచ్చి మాత్రలను, బలానికి వేసుకునే ఈస్టు బిళ్లల ఖాళీ సీసాలో పోశాడు.

"ఇవి దేంతో చేస్తారట?" అని అడిగింది లెనోరా.

"ఏవో మొక్కలట."

ఆకులు రాలే వేళకి ఆమె మళ్లీ చర్చి బృందగానంలో స్నేహితురాలు మాబెల్ పక్కన నిలబడి పాడింది. ఆ గొంతు విని ఆర్విన్ వెనక వరసలో కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇన్నేళ్ల తర్వాత, ఈ వసంతంలో కుర్రకారుకి సభ పెట్టారు. "జన్మలో మాంసం నోట పెట్టని మనిషివి, పిల్లలకి నాలుగు మాటలు చెప్పు," అని ఆడవాళ్లంతా లెనోరాని బతిమాలారు.

"నేను తగను. ఇంకెవరినైనా పిలవండి," అంది లెనోరా.

ఎంత అణకువో అని అందరూ మురిసిపోయారు. ఆర్విన్‌కి మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. ఈ వయసులో, ఎప్పుడు పిలుపొస్తుందో తెలియని వయసులో, తన మూలంగా ఆమె దేవుడి ముందు మైలపడి నిలబడాలా? మర్నాడే డాక్టరు దగ్గరికెళ్లి తెల్లమాత్రలు రాయించుకొచ్చాడు.

మూత తీసిన చప్పుడికి పెప్పర్ యథాప్రకారం వచ్చింది. వాసన చూసింది. తోక తిప్పుకుని వెళ్లిపోయింది.

"దీనికి నచ్చలేదు," అంది లెనోరా. తనూ మాత్రని ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. తర్వాత చాలాసేపు ఆర్విన్ వంక చూసింది. "పాతవి దొరకడం లేదా?"

"తయారుచెయ్యడం మానేశారట."

"అలాగా," అంది. కళ్లు మూసుకోకుండానే మింగేసింది.

ఎండాకాలానికల్లా స్వెట్టర్లు బయటికొచ్చాయి. ఒక సబ్బాతు రోజు పాట మధ్యలో ఆగిపోయి, మాబెల్ భుజం పట్టుకుని వేదిక దిగివచ్చేసింది. మళ్లీ ఎక్కలేదు. అంకెలు సరిగ్గానే ఉన్నాయన్నాడు డాక్టరు. కిటికీ పక్కన పిల్లిని ఒళ్లో పెట్టుకుని పొద్దస్తమానం జోగుతుండేది. పిండి డబ్బా వెనక పాతసీసాలో ఇంకా మాత్రలున్నాయి. ఆర్విన్ ఎన్నిసార్లు దాన్ని చేతిలోకి తీసుకున్నాడో, అన్నిసార్లూ అక్కడే పెట్టేశాడు. ఒళ్లు ఎలా ఉన్నా ఆత్మ శుభ్రంగా ఉంటే చాలని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు.

చలి మొదలవగానే న్యుమోనియా వచ్చింది. వారం తిరక్కుండా లెనోరా వెళ్లిపోయింది.

సమాధి దగ్గర్నుంచి వచ్చాక చర్చి కింది గదిలో భోజనాలు పెట్టారు. గింజల రొట్టె ముక్కతో పళ్లెం తెచ్చి ఆర్విన్ చేతిలో పెట్టింది మాబెల్. అతను తినలేకపోయాడు. దుఃఖం పొంగి వస్తూనే ఉంది. ఒక్కటే ఊరట, ఆమె ఏ పాపమూ ఎరక్కుండా శుభ్రంగా వెళ్లింది.

"బ్రదర్, నీతో ఒక మాట," అంది మాబెల్, పక్కన కూర్చుంటూ. "ఎండాకాలంలో లెనోరా నాకొక పని అప్పజెప్పింది. మొగుడూ పెళ్లాల మధ్య నాకెందుకులే అని నాన్చాను. ఇప్పుడు కడుపులో దాచుకోలేకపోతున్నాను."

"ఏం పని?"

"నిన్నొకటి అడగమంది. నువ్వే అడగొచ్చుగదే అన్నాను. 'నేనడిగితే ఇక నా ముందు తలెత్తుకోలేడే, పాపం నా కోసమే చేశాడు' అంది. ఇంకొక్కసారి పాడాలనుందట దానికి."

ఆర్విన్ పళ్లెం కింద పెట్టేశాడు. "ఏమడగమంది?"

మాబెల్ చుట్టూ చూసి గొంతు తగ్గించింది.

"ఆ పంది మాత్రలు మళ్లీ తెప్పించమంది."