చివరి బెంచీ పెద్దాయన

అతను చర్చి గేటు తోసుకుని లోపలికి వెళ్ళింది దేవుడి కోసం కాదు. వరండాలో కుళాయి ఉందని.

కడుపు నిండా నీళ్ళు తాగి, మొహం కడుక్కుని, నీడ కదా అని లోపలికి నడిచి చివరి బెంచీ మీద కూలబడ్డాడు.

"బూట్లు కరుస్తున్నాయా?"

ఉలిక్కిపడి చూశాడు. బెంచీ అవతలి చివర ఒక పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, నున్నగా దువ్విన తెల్లజుట్టు, ఒళ్ళో చేతులు. ఎక్కడికీ వెళ్ళాల్సిన తొందర లేని మనిషి.

"మా బావమరిది బూట్లు సార్. ఇంటర్వ్యూల కోసం అడిగి తెచ్చుకున్నా."

"ఏం పని చేసేవాడివి?"

"బ్రెడ్డు ఫ్యాక్టరీలో, ఓవెన్ దగ్గర. మూసేశారు."

ఫ్యాక్టరీ మూతపడిన సంగతి అతని ఒంటికి మాత్రం తెలియలేదు. చీకటితోనే మెలకువ వచ్చేసేది. ఓవెన్ వెలిగించే వేళకి చేతులు ఊరుకునేవి కావు. గిన్నెలు సర్దబోతే భార్య విసుక్కునేది.

"ఉన్నవాటిని ఉన్నచోట ఉండనివ్వవా?"

బావమరిది ఇంకో రకం.

"బావా, నా బూట్లు అరిగిపోతున్నాయి గానీ నీకు ఉద్యోగం మాత్రం రావడం లేదు!"

అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. మర్నాడు ఇంకా ముందే బయటపడేవాడు. ఎక్కే గడప, దిగే గడప.

"ప్రార్థన చేసుకుంటావా?" అన్నారు పెద్దాయన.

"చిన్నప్పుడు మా అమ్మ చేయించేది. ఇప్పుడు అడిగి అడిగి ఊరుకున్నా. ఆయనకి వినపడ్డం లేదు."

"అయితే ఏమీ అడక్కు. ఊరికే కూర్చో."

"ఊరికే కూర్చున్నాననే కదా సార్ ఇంట్లో తిడుతున్నారు!"

పెద్దాయన పకపకా నవ్వారు. ఖాళీ చర్చి అంతా మోగింది.

"అది వేరయ్యా. ఇంట్లో కూర్చున్నా నువ్వు లోపల పరుగెడుతూనే ఉంటావు. అలిసిపోయినవాళ్ళని రమ్మన్నాడు ప్రభువు. ఉద్యోగం దొరికాక రండి అన్లేదుగా?"

అతనికి ఒళ్ళు మండింది.

"మీకేం సార్! కడుపు నిండినవాళ్ళు ఎన్ని మాటలైనా చెబుతారు."

పెద్దాయన నొచ్చుకోలేదు.

"కాసేపు కళ్ళు మూసుకో," అన్నారంతే.

మూసుకోకూడదనే అనుకున్నాడు. రెప్పలు మాట వినలేదు.

పొద్దుటినుంచీ లేదు పొమ్మన్న మొహాలన్నీ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. చివరి గేటు దగ్గర కాపలా మనిషి ఏమన్నాడో, తను ఏమనాల్సిందో, అవన్నీ మళ్ళీ మళ్ళీ వినిపించాయి. తర్వాత అవి కూడా ఒక్కొక్కటే సద్దుమణిగాయి.

ఏమనాలో తెలియలేదు. "అలిసిపోయాను ప్రభువా," అన్నాడు లోలోపల.

ఎన్నాళ్ళనుంచో బిగబట్టుకున్న భుజాలు వాటంతటవే దిగాయి. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నిద్రపోయాడు.

లేచేసరికి ఎండ వాలిపోయింది. పెద్దాయన అక్కడే ఉన్నారు.

"ఇంతసేపు పడుకున్నానా? లేపొచ్చుగా సార్!"

"లేపితే మళ్ళీ పరుగెడతావని."

ఆ రోజునుంచీ అతనికి అదే దారి. తిరగడం ఆగలేదు, లేదనిపించుకోవడమూ ఆగలేదు. కానీ కాసేపు ఆ బెంచీ మీద కళ్ళు మూసుకుంటే మరో గేటు ముందు నిలబడే ఓపిక వచ్చేది. ఇంటికి వెళ్ళి భార్యతో మెత్తగా మాట్లాడగలిగేవాడు.

కొన్నిసార్లు పెద్దాయనే ఆలస్యంగా వచ్చేవారు. చెమటలు కక్కుతూ, కాళ్ళనిండా దుమ్ముతో. ఈ వయసులో ఎండన పడి ఈ షికార్లేమిటో అనుకునేవాడు.

ఒకరోజు ఆయన కూర్చోకుండానే అన్నారు.

"రేపు పొద్దున్నే బిస్కెట్ల కంపెనీకి వెళ్ళు. ఓవెన్ దగ్గరికి మనిషి కావాలిట. సూపర్‌వైజరుతో చెప్పాను."

"ఆయన మీకు తెలుసా సార్?"

"పరిచయమైందిలే. నువ్వు మాత్రం ఆలస్యం చెయ్యకు."

వెళ్ళాడు. సూపర్‌వైజరు ఎగాదిగా చూశాడు.

"ఆ పెద్దాయన చెప్పింది నీ గురించేనా?"

ఓవెన్ దగ్గర నిలబెట్టి కాసేపు పని చేయించి, మర్నాటినుంచి రమ్మన్నాడు.

ఆ సాయంత్రం భార్య చాలా రోజుల తర్వాత కూనిరాగం తీసింది. బావమరిది వచ్చి తన బూట్లు తను పట్టుకుపోయాడు.

పెద్దాయనకి చెప్పాలనుకున్నాడు. కొత్త పని, ఆదివారం కూడా షిఫ్టు. రేపు వెళదాం, ఎల్లుండి వెళదాం అనుకుంటూనే రోజులు దొర్లిపోయాయి. చేతులకి పని దొరికింది గానీ మనసు ఒకచోట నిలిచేది కాదు. ఏదో మరిచిపోయి వచ్చినట్టు ఒకటే పీకులాట.

ఓ సాయంత్రం షిఫ్టు దిగి, ఇంటికి పోకుండా నేరుగా చర్చికే వెళ్ళాడు.

బెంచీ ఖాళీగా ఉంది. పాస్టరుగారు కిటికీలు మూస్తున్నారు.

"అయ్యగారూ, ఇక్కడ కూర్చునే పెద్దాయన ఇవాళ రాలేదా?"

"పోయిన వారమే ఊరు వదిలి వెళ్ళిపోయారు బాబూ."

"పిల్లల దగ్గరికా?"

"ఆయనకి ఎవరూ లేరుగా."

"అయ్యో! చేతులు పట్టుకుని ఒక్క మాట చెబుదామని వచ్చానండీ. నన్ను బిస్కెట్ల కంపెనీకి పంపింది ఆయనే."

పాస్టరుగారి చెయ్యి కిటికీ గొళ్ళెం మీదే ఆగిపోయింది.

"అయితే ఆ అబ్బాయివి నువ్వేనా?"

"ఔనండీ. రిటైరై హాయిగా ఉన్న మనిషి కదా, ఇప్పుడు ఎక్కడున్నారో ఎవరైనా చెబుతారా?"

పాస్టరుగారు కిటికీ వదిలి అతని వైపు తిరిగారు.

"రిటైరవడానికి ఆయనకి ఉద్యోగమెక్కడిదయ్యా, నీకన్నా ముందునుంచీ పని కోసం తిరుగుతున్నారు, ఆ ఓవెన్ దగ్గరికి వాళ్ళు ముందు రమ్మన్నది ఆయన్నే."