రంగం దొడ్డమ్మ

“దొడ్డా, బండి ఖరగ్‌పూర్ దాటేదాకా నువ్వెవులో నేనెవులో. నీ కిటికీ నీది, నా కిటికీ నాది,” అన్నాడు విల్‌ఫ్రెడ్, ఎదురు సీటు చూపిస్తూ.

దేవమణి నవ్వింది. “అలాగే నాయినా. మరి ఆకలేత్తే రొట్టి ఎవులిత్తారు?”

“ఆటలొద్దు. ప్లాట్‌ఫారం మీద పోలీసులు తిరుగుతన్నారు. ఆ సెంపల మీద పూతేటి? ముందు తుడిసీ!”

దేవమణి అతని తల్లికి అక్క. రంగూన్‌ని రంగం అంటుంది. యాభై ఏళ్ళకు పైగా అక్కడే బతికింది. రెండేళ్ళ కిందట, ఎనభై ఎనిమిదిలో, అక్కడ గొడవలు రేగితే మణిపూర్ కొండలు దాటి, చేతిలో కాగితం ముక్కయినా లేకుండా వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో విల్‌ఫ్రెడ్ గుమ్మం ముందు నిలబడింది. చెల్లెలు సూసన్న అప్పటికే పోయింది. అన్నీ వదిలేసి వచ్చింది గానీ, చెక్క అరగదీసి చెంపలకు పూసుకునే బర్మా అలవాటు వదల్లేదు. ఇప్పుడు కొంగుతో తుడుచుకుంది. చెవి కింద మాత్రం కాస్త పచ్చగా మిగిలిపోయింది.

విల్‌ఫ్రెడ్ భార్య రూతుకు నెలలు నిండాయి. తొలి పురుడు పుట్టింట్లోనే పోసుకోవాలి కదా, విజయనగరం వెళ్ళింది. “నీ బిడ్డని ముందు నా సేతుల్తో పట్టుకోవాల. నన్నూ తీసుకెళ్ళు,” అని ముసలమ్మ అతని ప్రాణం తోడేసింది. రంగంలో ఆవిడ పొయ్యని పురుడు లేదట. కాదనలేక బయల్దేరదీశాడే గానీ, ఇంటి దగ్గర్నుంచీ అతనికి భయమే. వర్క్‌షాప్‌లో ఫిట్టర్ ఉద్యోగం. బర్మా మనిషిని ఇంట్లో దాచుకున్నాడని తెలిస్తే ఆ ఉద్యోగం నిలుస్తుందా?

“అడిగితే బీమిలీలో పుట్టినానని సెప్తాను. అబద్దమేటి? సిన్నపిల్లప్పుడు కదా మా అయ్య నన్ను ఓడెక్కించినాడు,” అందావిడ.

“బీమిలీ లేదు, గీమిలీ లేదు. రుజువేటి నీకాడ? నాకయితే బయం లేదు, ఇక్కడి రైల్వే ఆసుపత్రిలో పుట్టినోడ్ని. నువ్వు నోరిప్పకు.”

ముసలమ్మ ఏదో అనబోయి, అతని మొహం చూసి మానేసింది. ఒళ్ళో మూట సర్దుకుంది. పుట్టబోయే బిడ్డ కోసం పాత చీరలు చింపి, ఉతికి, మెత్తగా మడతపెట్టిన గుడ్డలవి.

భయపడినంతా అయింది. పోలీసాయన పెట్టెలోకి ఎక్కనే ఎక్కాడు. వయసు మళ్ళిన బెంగాలీ మనిషి, గొంతు పెంచే రకం కాదు. ఆవిడ చెవి కింది పూత చూసి ఆగిపోయాడు.

“మాసీమా, బర్మా నుంచా?” అని, బెంగాలీలు పిన్నిని పిలిచే పిలుపుతో, హిందీలో అడిగాడు.

దేవమణి తల వంచుకుంది.

“పుట్టిందెక్కడ?”

ఆవిడ నోరు తెరవబోయింది. విల్‌ఫ్రెడ్ కళ్ళెర్రజేశాడు. మూసుకుంది.

“భయపడకండి. మీవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ఈ ఊరి మనిషి ఒక్కరు ‘ఈమె మా మనిషే’ అంటే చాలు, నా దారిన నేను పోతాను.” ఆయన ఇటు తిరిగాడు. “దాదా, మీరు రైల్వేనా? ఈవిణ్ణి ఎరుగుదురా?”

ఒక్క మాట. కావలసింది అంతే! విల్‌ఫ్రెడ్ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

“ఎరగను దాదా.”

“ఇద్దరూ తెలుగువాళ్ళలా ఉన్నారే. చుట్టమేమీ కాదా?”

“నాకూ ఆవిడకీ ఏ సంబంధమూ లేదు!” కసిరినట్టే అన్నాడు. ఛీ, ఎంత మాట వచ్చింది ఆ నోట! రోజూ ఆవిడ వండి పెట్టిందే తిన్న నోరు.

పోలీసాయన నిట్టూర్చాడు. “దిగండి మాసీమా. ఠాణాకు వెళ్ళి మాట్లాడుకుందాం.”

ఆవిడ లేచింది. మూట సీటు మీదే వదిలేసింది.

“ఆ మూట మీదేనా?”

“నాది కాదు. ఆ బాబుది,” అని దిగిపోయింది.

విల్‌ఫ్రెడ్‌కి ఇంక కూర్చోవడం చాతకాలేదు. సిగ్గు, ఏడుపు కలిసి వచ్చాయి. కిటికీ దగ్గరికి ఉరికాడు. పోలీసాయన నాలుగడుగుల అవతల ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు. దేవమణి మెల్లగా కిటికీ పక్కకు జరిగింది.

“దొడ్డా, తప్పయిపోనాది. బీమిలీ అని సెప్పీ దొడ్డా! నేనూ దిగుతాను, మా దొడ్డేనని సెప్తాను!”

“దిగకు!” ఎప్పుడూ లేనిది గట్టిగా అంది. “అక్కడ రూతు ఎదురు సూత్తంటాది. ఆ గుడ్డలు తడి తగలకుండా సూడు.”

బండి కూత వేసింది.

“మరి నువ్వెందుకు నోరిప్పలేదే? నాకు బయపడా?”

“నేనొకటి సెప్తే ఆళ్ళు పది అడుగుతారు నాయినా. సెల్లెలి పేరొత్తాది, నీ పేరొత్తాది. నిన్నెవులడిగినా రైల్వే ఆసుపత్రిలోనే పుట్టినానని సెప్పు. మీ నాన్న రాయించినట్టే.”

“రాయించినట్టేటి? నేను పుట్టిందక్కడే కదా!”

బండి కదిలింది. కిటికీ ఊచ పట్టుకుని ముసలమ్మ నాలుగడుగులు వేసింది.

“తొలి పురుడు పుట్టింట్లోనే కదరా! మీ అమ్మ పుట్టిల్లు రంగం. నీ బొడ్డు కోసింది నేనే.”